మే నెలలో హీటరు వైద్యం

బెజవాడలో కారుకు హీటరు ఉండటమంటే రెంటచింతలలో స్వెట్టర్ల కొట్టు పెట్టుకోవడమే. అయినా మా పాత కారుకు ఒకటుంది. పద్దెనిమిదేళ్లుగా ఒక్కరోజు పని చేయకుండా, ఒక్కరోజు సెలవు పెట్టకుండా డ్యాష్‌బోర్డు వెనకాల సర్వీసు చేసుకుంటోంది. ఆ సంగతి అది కారడం మొదలుపెట్టాక గానీ నాకు తెలియలేదు.

మొదట వాసన వచ్చింది. తియ్యగా, ఎవరో జీళ్లపాకం పట్టినట్టు. కారులో ఏం తిన్నారని ఇంట్లో విచారణ జరిపాను. తర్వాత ఎడమ సీటు ముందు కార్పెట్ తడిసింది. నేరం మావాడి వాటర్ బాటిల్ మీద మోపి, అప్పీలుకు అవకాశం లేకుండా శిక్ష కూడా వేశాను. చివరికి ఒక మిట్టమధ్యాహ్నం బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ముందు అద్దానికి లోపలివైపు పొగమంచు పట్టింది. మే నెలలో! తుడిస్తే చేతికి జిడ్డు.

ఆటోనగర్ మెకానిక్ కార్పెట్ మీద వేలు రాసి, వాసన చూసి, నాడి పట్టిన వైద్యుడిలా తల పంకించాడు.

"కూలెంట్ సార్. హీటర్ కాయిల్ పోయింది."

"మన కారుకి హీటరుందా?"

అతను నావైపు జాలిగా చూశాడు. ఇంజనును చల్లబరిచే ద్రవమే కూలెంట్ అట. ఇంజను దగ్గర 90 డిగ్రీల దాకా కాగిన ఆ కూలెంట్‌లో కొంత, హీటర్ కాయిల్ అనే లోపలున్న ఓ బుల్లి రేడియేటర్‌లోకి వెళ్లి వస్తుందట. దాని మీదుగా బ్లోయర్ గాలి కొడితే వెచ్చగా వస్తుంది. మనం వాడినా వాడకపోయినా ఈ కారులో ఆ ప్రవాహం ఆగదు. తియ్యటి వాసన కూలెంట్‌లోని గ్లైకాల్‌ది. అది విషం, కుక్కో పిల్లో నాకితే ప్రాణం మీదికొస్తుంది. మావాడికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. పైకి చెబితే తండ్రి హోదాకు భంగం.

"కూలెంట్ బదులు నీళ్లు పోశారా సార్?"

పోశాను. నీళ్లు నీళ్లే కదా అని బోరు నీళ్లు పోశాను, కుళాయి నీళ్లు పోశాను. 2016 పుష్కరాలప్పుడు ఘాట్ దగ్గర పట్టుకున్న కృష్ణమ్మ నీళ్లు కూడా పోశాను. పుణ్యం ఇంజనుకు చేరిందో లేదో గానీ ఉప్పూ తుప్పూ మాత్రం కాయిల్‌కు చేరాయి. రేడియేటర్‌లో గుప్పెడు పసుపు వేస్తే కన్నం పూడుతుందని పక్కనున్న లారీ డ్రైవరు సలహా ఇచ్చాడు. చారు కాచేటప్పుడు ఆలోచిస్తానన్నాను. కన్నంతో పాటు మిగతా సన్న గొట్టాలు కూడా పూడతాయని మెకానిక్ గొణిగాడు.

"బైపాస్ చేసేద్దాం సార్. కాయిల్‌కు వెళ్లొచ్చే రెండు హోస్ పైపులూ బయటే కలిపి క్లిప్పులు బిగిస్తే అరగంట పని. ఇక్కడందరూ అదే చేయించుకుంటారు."

బైపాస్ రోడ్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఊరివాణ్ణి, అరగంటలో అయ్యే బైపాస్‌ను నమ్మలేకపోయాను. పైగా హీటరుకు సమర్థన కూడా ఉంది. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజను వేడెక్కిందనుకోండి, హీటరు ఫుల్లుగా పెడితే ఆ వేడిలో కొంత మన మొహాన కొట్టి ఇంజనును కాస్త చల్లబరుస్తుంది. మన ప్రాణం తీసి ఇంజను ప్రాణం నిలబెట్టే త్యాగమూర్తి. ఇక లంబసింగి వెళ్లే ప్రోగ్రాం పన్నెండేళ్లుగా వాయిదా పడుతోంది గానీ రద్దు కాలేదు. కాబట్టి, మార్చమన్నాను.

అప్పుడర్థమైంది ఇంజనీర్ల ధర్మం. రాత్రింబవళ్లు కష్టపడే రేడియేటర్‌ను ముందు జాలీ దగ్గర నిలబెడతారు, దుమ్మూ రాళ్లూ దానికే. పని లేని హీటరును మాత్రం నట్టనడుమ కూర్చోబెట్టి స్టీరింగు, మీటర్లు, వైర్లు, ఇనుప కమ్మీలు చుట్టూ కాపలా పెడతారు. ఈ ఏర్పాటు మనం ఇదివరకు ఎక్కడో చూసినట్టే ఉంటుంది. దాని దర్శనానికి డ్యాష్‌బోర్డంతా ఊడదీయాలి. ఏసీ కూలింగ్ కాయిల్ కూడా అదే పెట్టెలో ఉంది కాబట్టి గ్యాస్ కూడా తీసేయాలి. అంటే రోహిణి కార్తెలో, హీటరు కోసం, ఏసీ వదులుకున్నాను. కాయిల్ ధర కూలీలో మూడో వంతు లేదు.

రెండు రోజులు పట్టింది. డ్యాష్‌బోర్డు గర్భంలో ఒక రూపాయి బిళ్ల, మూడు టోల్ రసీదులు, శిలాజంగా మారిన జంతిక ముక్క, మావాడి పాలపన్ను దొరికాయి. పాత కాయిల్‌ను నేలకేసి తడితే కాఫీ గుండ లాంటి తుప్పు రాలింది. అంతా బిగించాక నాలుగు స్క్రూలు మిగిలాయి.

"అవి ఎక్స్‌ట్రా సార్" అన్నాడు ధీమాగా.

ఇక పరీక్ష. మధ్యాహ్నం రెండు గంటలకు, 44 డిగ్రీల ఎండలో, ఇంజను స్టార్ట్ చేసి హీటరు మీట చివరిదాకా తిప్పాను. అతను కిటికీలోంచి చెయ్యి పెట్టి గాలి చూశాడు. నేనూ చూశాను.

"అబ్బ, వేడి బ్రహ్మాండంగా వస్తోంది సార్!"

"బాగా వస్తోంది" అని ఒప్పుకుని డబ్బులిచ్చేశాను. బ్లోయర్ స్విచ్ ఇంకా వేయలేదని ఇంటికొచ్చాక చూసుకున్నాను.