రిమూవ్ బటన్ గారికి బత్తాయి గ్రూపు అడ్మిన్ల దరఖాస్తు

మహారాజశ్రీ రిమూవ్ బటన్ గారి సముఖమునకు, నల్లగొండ జిల్లా బత్తాయి రైతుల వాట్సాప్ గ్రూపు అడ్మిన్లు రాసుకున్న మనవి.

విషయం: తమరు బయటికి పంపినోళ్ల సంగతి.

అయ్యా,

గ్రూపు వివరాల్లకు పోవాలె, మనిషి పేరు ఒత్తాలె, తమరిని ఒత్తాలె, ‘ఓకే’ అని ఒత్తాలె. అంతే, మనిషి బయట. పెద్దమనుషులు మూడు పంచాయితీలు పెట్టినా తెగనిది తమరు నాలుగు ఒత్తుళ్ల తెంపుతరు. ఆ ఘనత ఒప్పుకుంటున్నం. మా గోసంతా ఐదో ఒత్తుడు లేకపోవుడే. ఎందుకు తీసిన్రు, ఎన్ని రోజులకు తీసిన్రు, మళ్ల రావాలంటే ఏం చెయ్యాలె? తమరు అడగరు, చెప్పరు. ఆ మిగిలిన పనంతా మా నెత్తిన పడ్డది.

గుడ్ మార్నింగ్ గులాబీలకు మేము తమరిని పిలుస్తలేము. వాటిని ఓర్చుకునుడు ఎప్పుడో నేర్చినం. ఇక్కడ అసలు నేరం దొంగ రేటు. కత్తెర కాయ (ఏడాదిల రెండో కాపు) కోతకొచ్చిన పూట ఎవరో ‘ఇయ్యాల టన్నుకు ఐదు వేలు పెరిగింది’ అని పెడ్తరు. కూలోళ్లను, బండిని మాట్లాడుకున్న రైతు కోత ఆపుతడు. కాయ ముదిరి రాలుతది, ఆ రేటు మాత్రం రాదు. ఇంకొకరు ‘మార్కెట్ పడ్డది’ అని పెడ్తరు. భయపడ్డ రైతు తోటకాడనే తెగనమ్ముకుంటడు. పెట్టినాయన కాయ కొనేటోళ్ల మనిషని తర్వాత తెలుస్తది. అందుకే మా దగ్గర ఒక్కటే చట్టం: రేటు పెడితే తక్‌పట్టీ (మార్కెట్ల కాయ అమ్మినంక ఇచ్చే చీటీ) ఫొటో పెట్టాలె, అందుల తేదీ, బరువు, తరుగు కనపడాలె.

ఇది తప్పినోళ్ల మీదికి తమరిని పిలిచేటప్పుడు వరుస ముఖ్యం. ముందు స్క్రీన్‌షాట్, తర్వాత డిలీట్ ఫర్ ఎవ్రీవన్, ఆఖరుకు తమరు. కోపం మీద తమరినే ముందు ఒత్తితే మనిషి పోతడు, దొంగ రేటు గ్రూపులనే కూసుంటది. డిలీట్ చేసినంక ‘ఫలానా అడ్మిన్ తీసేసిండు’ అని పేరుతో సహా పడ్తది కాబట్టి, ఆ అడ్మిన్ పొద్దున చాయ్ హోటల్‌కు జవాబు తయారు చేసుకొని పోవాలె. తప్పు చేసినాయనతో గ్రూపుల కొట్లాడిన అడ్మిన్ తమరిని ముట్టొద్దు, ఇంకో ఇద్దరు ఒప్పుకున్నంకనే ఒత్తాలె. లేకుంటే అది శిక్ష అనిపించుకోదు, పగ అనిపించుకుంటది.

ఇక తమరి అసలు లోపానికి వస్తం. తమరు తీసేది నంబరును, మనిషిని కాదు. ఎరువుల దుకాణం గోడకు గ్రూపు క్యూఆర్ కాయితం అంటించే ఉంటది. బయటికి పోయినాయన జేబుల రెండో సిమ్ ఉంటది. మూడో దినానికి ‘జై కిసాన్’ అనే పేరుతోటి, వేంకటేశ్వరస్వామి డీపీతోటి కొత్త సభ్యుడు ప్రత్యక్షం. రాతల పాత తప్పులే ఉంటయి, వాటితోటే గుర్తుపడ్తం. తమరిని ఒత్తిన గడియలనే లింకు రీసెట్ చెయ్యాలె. గోడ మీది క్యూఆర్ చచ్చిపోతది. కొత్తోళ్లకు అడ్మిన్ ఆమోదం ఆన్ చెయ్యాలె. సభ్యులు వేరేవాళ్లను చేర్చే వీలు బంద్ పెట్టాలె, లేకుంటే బామ్మర్దే తలుపు తీస్తడు.

బామ్మర్ది అంటే యాదికొచ్చింది, రాయబారాలు. ‘మా బావను గ్రూపుల్నుంచి తీస్తరా? ఊర్ల ఇజ్జత్ పోయింది’ అని మొదటి ఫోన్ ఆయనదే. తర్వాత మాజీ సర్పంచ్, ఆ తర్వాత కులపెద్ద. పెండ్లి దావత్‌ల అయితే అన్నం ప్లేటు చేతుల ఉండంగనే విచారణ. మా పద్ధతి ఇది: రాయబారి మాట వినం, బయటికి పోయినాయన తనే మెసేజ్ పెట్టాలె. తీసిన పూటనే ఆయనకు విడిగా మూడు ముక్కలు రాస్తం: ఏ మెసేజ్‌కు, ఏ తేదీ దాకా, వచ్చినంక ఏం చెయ్యొద్దు. మొదటిసారి 15 రోజులు, రెండోసారి 60, మూడోసారి దండం. పాత సభ్యుల జాబితాల పేరు 60 రోజులే కనపడ్తది కాబట్టి నోట్‌బుక్‌ల రాసుకోక తప్పది. ఒక జాగా కూడా ఖాళీ పెట్టాలె. గ్రూపుల 1024 మంది నిండినంక గడువు తీరినాయన వచ్చినా కూసోబెట్టే తావుండది.

ఒక్కరి నోటినే పది రోజులు ఆపే ఏర్పాటు తమరి ఇంట్ల ఎవరి దగ్గరా లేదు. ‘అడ్మిన్లు మాత్రమే’ అని పెడితే ఒక్కడి కోసం వెయ్యి మంది మూగబోతరు.

కోర్టులు తమరిని గుర్తించినయి, సంతోషించుండ్రి. చేర్చుడు, తీసేసుడు తప్ప అడ్మిన్ చేతుల ఏమీ లేదు, సభ్యునితోటి కలిసి చేద్దామనే ఉమ్మడి ఉద్దేశం లేకుంటే ఆ సభ్యుని రాతకు ఆయన బాధ్యుడు కాడని 2021ల బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి అన్నది. 2022ల కేరళ హైకోర్టు అదే దారి పట్టింది. ఆ ఏడే అడ్మిన్లకు డిలీట్ అధికారం కూడా వచ్చింది. ‘నా చేతుల ఏమున్నది’ అనే మాట ఇక మునుపటంత గట్టిగ నిలవదేమోనని మాకు లోపల గుబులే.

ఆఖరు మనవి. గ్రూపు పెట్టినాయన మీద తమరు పనిచెయ్యరట. ఆయనంతట ఆయన పోతే తప్ప ఎవరూ తియ్యలేరు. మిగిలిన అడ్మిన్లను మాత్రం ఏ అడ్మిన్ అయినా దించొచ్చు. ఉన్న ఒక్క అడ్మిన్ అలిగి పోతే సభ్యులల్ల ఎవరో ఒకరు దానంతటదే అడ్మిన్ అయితరు, ఆ చీటీ ‘జై కిసాన్’ పేరు మీద పడినా పడొచ్చు. మన గ్రూపు పెట్టిన పెద్దాయన పొద్దుగాల నాలుగున్నరకు పంపిన గులాబీ కింద ఒక రేటు కూడా రాసిండు. తక్‌పట్టీ లేదు.

ఇట్లు,
తమరి విధేయులు,
అడ్మిన్లు