దెయ్యం గారికి ఒళ్ళు వంగదు

డెన్మార్క్ పాత రాజుగారి దెయ్యం మీద నాకు ఎప్పటినుంచో గుర్రుగా ఉంది. మొన్న షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ మళ్ళీ చదివాక అది ముదిరింది. నాలుగు వందల ఏళ్ళుగా లోకమంతా ఆ దెయ్యాన్ని గంభీరం, ఉదాత్తం అంటూ మోస్తోంది. నాకేమో పని తప్పించుకు తిరిగే పెద్దమనిషిలా కనబడుతుంది. మీకూ అలాగే కనబడి ఉంటుంది. మొహమాటానికి బయటికి అనలేదు, అంతే.

రాజుగారికి రోజూ మధ్యాహ్నం తోటలో కునుకు తీసే అలవాటు. అలా పడుకున్నప్పుడు సొంత తమ్ముడు వచ్చి చెవిలో విషం పోశాడు. పాపం, పోయాడు. దెయ్యమయ్యాడు. అంతవరకూ నాకు పేచీ లేదు. కానీ ఈ దెయ్యానికున్న సౌకర్యాలు చూడండి. ఒంటినిండా కవచం. కోట గోడ మీద పహారావాళ్ళకి చెమటలు పట్టించే వాలకం. నోరు సంగతి చెప్పక్కర్లేదు, ఒకసారి మొదలెడితే కోడి కూసే వేళ దాకా ఆపదు. చంపిన తమ్ముడు ఆ రాత్రి అదే కోటలో మేలుకుని తాగుతున్నాడు. అతను గుక్క వేసినప్పుడల్లా నగారాలు, బాకాలు మోగుతున్నాయి. అంటే వెతుక్కునే శ్రమ కూడా లేదు. చప్పుడు వచ్చే వైపు నాలుగడుగులు వేసి వాడి ఎదురుగా నిలబడితే చాలు, గుండె ఆగి చచ్చేవాడు. జనం వేళకి ఇంటికెళ్ళి అన్నం తినేవాళ్ళు.

వెళ్ళడు. విటెన్‌బర్గ్‌లో చదువుకుంటూ ఇంటికొచ్చిన కొడుకు హామ్లెట్‌ని పక్కకి పిలిచి, నా పగ నువ్వు తీర్చరా అంటాడు. మన ఊళ్ళ చింతచెట్టు దెయ్యాలు ఎంత నయం. కోపమొస్తే స్వయంగా వెళ్ళి పట్టుకుంటాయి. భూతవైద్యుడి వేపమండలకి కూడా అవే ఎదురు నిలుస్తాయి.

పోనీ, పని అప్పగించాక వెళ్ళిపోయాడా? లేదు. నేల కిందకి దిగాడు. హామ్లెట్ తన స్నేహితుల చేత, చూసింది ఎవరికీ చెప్పకూడదని కత్తి మీద ఒట్టు వేయిస్తున్నాడు. కింద నుంచి గొంతు: "ఒట్టు వెయ్యండి!" అందరూ ఉలిక్కిపడి ఇంకో చోటికి జరుగుతారు. అక్కడా కింద నుంచి: "ఒట్టు వెయ్యండి!" మళ్ళీ జరుగుతారు. మళ్ళీ అదే కేక. రాజ్యం ఏలిన మనిషి, ఇంటి కింద పందికొక్కులా, పైన అడుగుల చప్పుడు వింటూ వాళ్ళ వెనకాలే పాకుతున్నాడు. కొడుకు కూడా ఊరుకున్నాడా, బొరియలు తవ్వే జంతువు పేరు పెట్టి, ముసలాడా, భలే తవ్వుతున్నావే అన్నాడు. ఇంత ఓపిక, ఇంత చురుకు! ఆ పాకుడేదో తమ్ముడి మంచం కింద పాకకూడదా?

ఈ జబ్బు ఆయనొక్కడిదే కాదు. షేక్‌స్పియర్ కన్నా ముందే ఓ పాత హామ్లెట్ నాటకం ఆడేది. అందులో దెయ్యం "హామ్లెట్, పగ తీర్చు" అంటూ ఆల్చిప్పలమ్మే ఆవిడలా అరుస్తుందని 1596లో థామస్ లాడ్జ్ అనే రచయిత వెక్కిరించాడు. ఆల్చిప్పలావిడకి అవమానం. గంప ఆవిడే మోసుకునేది. థామస్ కిడ్ రాసిన స్పానిష్ ట్రాజెడీలో ఆండ్రియా అనేవాడి దెయ్యమైతే స్టేజీ మీదే ఓ పక్కన కూర్చుని మొత్తం చూస్తుంది. తోడుగా ప్రతీకారమే ఒక పాత్రయి పక్కన కూర్చుంటుంది, కూర్చుని నిద్రపోతుంది. చివర్లో దెయ్యంగారు చచ్చినవాళ్ళ పేర్లన్నీ చదువుకుని, ఆత్మ చల్లబడిందంటాడు. ఆ జాబితాలో తను ప్రేమించిన బెల్ ఇంపీరియా కూడా ఉంది. అయినా చల్లబడింది.

మన రాజుగారు రెండోసారి రాణి గదిలో కనబడతాడు, కొడుక్కి పని గుర్తు చెయ్యడానికి. అప్పటికే కొడుకు పొరపాటున పొడిచిన రాజు సలహాదారు పొలోనియస్ శవం అక్కడే పడి ఉంది. దాని గురించి ఒక్క మాట అనడు. తమ్ముణ్ణి చంపమన్నాడు సరే, ఈ ముసలాయన ఎవరు, ఎందుకు పోయాడు అని అడగాలనైనా తోచలేదు. ఒక్కడి కోసం మొదలైన పని ఎనిమిది శవాలతో ముగిసింది. కొడుకూ పోయాడు, భార్యా పోయింది. రాజ్యం ఫోర్టిన్‌బ్రాస్‌కి పోయింది. ఎవరీ ఫోర్టిన్‌బ్రాస్? ఈ దెయ్యంగారు బతికుండగా చంపి, భూమి లాక్కున్న రాజు కొడుకు. బాగా తీరింది పగ.

ఆ పొలోనియస్ కూతురు ఒఫీలియా ఏం చేసిందని? తండ్రి ఉత్తరాలు తీసుకోవద్దంటే మానేసింది. ఎరగా నిలబడమంటే నిలబడింది. ప్రేమించిన హామ్లెట్ నోటికొచ్చినట్టు తిట్టి, ఆమె తండ్రినే చంపాడు. పిచ్చెక్కి నీళ్ళలో పోయింది. ఆమె దెయ్యమై రాదు. ఆమె పగ తీర్చమని ఎవరూ ఎవరినీ పిలవరు. మగవాడి చావు పగ అవుతుంది, ఆడదాని చావు పాట అవుతుంది. ఆడవాళ్ళ దెయ్యాలు రాకపోలేదు. క్రీ.పూ. 458లో గ్రీకు కవి ఈస్కిలస్ నాటకంలో క్లైటెమ్నెస్ట్రా వచ్చింది. ఓడలకి గాలి కోసం కూతుర్ని బలిచ్చిన మొగుణ్ణి చంపింది, కొడుకు చేతిలో చచ్చింది, న్యాయం అడగడానికొచ్చింది. వస్తే ఏమైంది? పగ దేవతలు గురకపెట్టి నిద్రపోతున్నారు. కొడుకుని విచారించే కోర్టులో అపోలో దేవుడు లేచి, అసలు తల్లి కన్నది కాదు, విత్తనాన్ని మోసింది, అంతే అన్నాడు. సిగ్గు లేకుండా అన్నాడు. ఓట్లు సమానమొచ్చి కొడుకు బయటపడ్డాడు. బలైన ఆ పిల్ల ఇఫిజెనియా దెయ్యం ఆ కోర్టు గడప కూడా తొక్కలేదు. కన్న కూతుర్ని కోసినవాడికి పగ తీర్చే కొడుకున్నాడు, కూతురి కోసం కత్తి పట్టిన తల్లికి దిక్కు లేదు. దీన్ని న్యాయం పుట్టిన కథ అని పాఠాలు చెబుతారు, థూ!

ఒఫీలియాని పూడ్చేటప్పుడు, చావు అనుమానంగా ఉంది, ఇంతకన్నా మంత్రాలు చదవలేం అన్నాడు పాదిరి. అన్న గోతిలోకి దూకాడు. హామ్లెట్ వచ్చి, నలభై వేలమంది అన్నలకన్నా నేనే ఎక్కువ ప్రేమించానంటూ కలబడ్డాడు. ఆమె శవం పక్కన ఇద్దరూ కొట్టుకుంటుంటే, అంతకుముందు అడుగడుగునా వెంటపడి ఒట్టు వెయ్యండని అరిచిన ఆ గొంతు, నేల కిందే కదా ఉండేది, ఒక్కసారైనా ఆపండ్రా అనలేదు.