బైనరీ సెమాఫోర్ అంటే మ్యూటెక్సే అని చెప్పే ఆ నోట్సు గురించి

ఆపరేటింగ్ సిస్టమ్స్ పరీక్షకో ఇంటర్వ్యూకో చదివేవాళ్ల మధ్య ఒక పేజీ నోట్సు ఎప్పట్నుంచో చేతులు మారుతోంది. ఒక్కొక్కరు ఒక్కో రంగు పూసి పంపుతారు గానీ లోపల సరుకు ఒకటే. (ప్రాసెస్ అంటే నడుస్తున్న ప్రోగ్రాం. సెమాఫోర్, మ్యూటెక్స్ అనేవి ఒకే వస్తువును పంచుకునే ప్రాసెస్‌లు ఒకదానికొకటి అడ్డురాకుండా వాడే సాధనాలు.) సెమాఫోర్ అంటే తాళం, బైనరీ సెమాఫోర్ అంటే మ్యూటెక్సే, వెయిట్‌లో ఉన్న ప్రాసెస్ లూప్‌లో తిరుగుతూ సీపీయూ తినేస్తుంది, వెయిట్, సిగ్నల్ జంటగా రాస్తే డెడ్‌లాక్ (ఒకరికోసం ఒకరు ఆగి ఎవరూ కదలని స్థితి) రాదు, ప్రాసెస్ మధ్యలో చచ్చిపోతే ఓఎస్ చూసుకుంటుంది. ఈ ఐదింటిలో ఒకటి సగం నిజం. మిగతా నాలుగూ తప్పే.

"సెమాఫోర్ అంటే తాళం." అసలు తిప్పలన్నీ ఈ మాటతోనే మొదలవుతాయి. సెమాఫోర్ అంటే ఒక అంకె, దాని మీద రెండు పనులు, అంతే. వెయిట్ చేస్తే, అంకె సున్నా కంటే ఎక్కువ ఉంటే ఒకటి తగ్గించుకుని ముందుకు పోతావు, సున్నా ఉంటే ఆగిపోతావు. సిగ్నల్ చేస్తే ఒకటి పెరుగుతుంది, ఎవరైనా ఆగి ఉంటే వాళ్లలో ఒకరు లేస్తారు. ఎవరు తగ్గించారు, ఎవరు పెంచాలి అన్నది అందులో ఎక్కడా రాసి ఉండదు. 1960ల మొదట్లో దీన్ని కనిపెట్టిన డైక్‌స్ట్రా కూడా తాళంగా మాత్రమే వాడలేదు. ఐంధోవన్‌లో ఆయన బృందం కట్టిన టీహెచ్‌ఈ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గురించి 1968లో రాసిన వ్యాసంలో రెండు వాడకాలనూ విడిగా చెప్పాడు: 1తో మొదలై ఒకరి తర్వాత ఒకర్ని లోపలికి పంపేవి కొన్ని, 0తో మొదలై ఒక ప్రాసెస్ తనకు కబురు వచ్చేదాకా ఆగడానికి వాడుకునేవి కొన్ని. నోట్సులో ఈ రెండో రకం ఊసే లేదు. (వెయిట్, సిగ్నల్‌లకు డైక్‌స్ట్రా వాడిన పీ, వీ అక్షరాలకు ఇంగ్లీషులో అర్థాలు వెతికి బట్టీ పట్టేవాళ్లకు ఒక మాట, అవి డచ్ మాటల నుంచి వచ్చాయి, వదిలేయండి.)

"బైనరీ సెమాఫోర్, మ్యూటెక్స్ ఒకటే." రెండింటిలోనూ 0, 1 తప్ప ఇంకేమీ ఉండవు కాబట్టి ఒకటేనట! మ్యూటెక్స్‌కు ఓనర్ ఉంటాడు, వేసినవాడే తియ్యాలి. వేరే థ్రెడ్ (ప్రోగ్రాంలో విడిగా నడిచే ఒక పోగు) వచ్చి తీయబోతే, తప్పులు చూసే రకం మ్యూటెక్స్ అయితే ఎర్రర్ ఇస్తుంది, మామూలు రకమైతే ఏం జరుగుతుందో పోజిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) హామీ ఇవ్వదు. సెమాఫోర్‌లో మాత్రం ఒకరు వెయిట్ చేసి ఇంకొకరు సిగ్నల్ ఇవ్వడం తప్పు కాదు సరికదా, సగం సందర్భాల్లో దాన్ని పెట్టేదే అందుకు. ఒక ప్రాసెస్ ఫైలు చదివి షేర్డ్ మెమరీలో (రెండు ప్రాసెస్‌లకూ అందే చోట) పెట్టాక ఇంకో ప్రాసెస్ పని మొదలుపెట్టాలనుకోండి. 0తో ఒక సెమాఫోర్ పెట్టి, చదివేది సిగ్నల్ ఇస్తుంది, రెండోది దాని మీద వెయిట్ చేస్తుంది. ఇక్కడ తాళం ఎవరిది? ఎవరిదీ కాదు, అసలు తాళమే లేదు.

ఈ ఓనర్ సంగతి ఏదో మాటల పట్టింపు అనుకునేవాళ్లు 1997లో అంగారకుడి మీద దిగిన నాసా నౌక పాత్‌ఫైండర్‌కు ఏమైందో చూడాలి. అందులో వాతావరణ వివరాలు సేకరించే తక్కువ ప్రయారిటీ టాస్క్ ఒక మ్యూటెక్స్ పట్టుకుని ఉండగా, దానికోసం ఎక్కువ ప్రయారిటీ టాస్క్ ఒకటి ఎదురుచూస్తోంది. ఈలోగా మధ్య ప్రయారిటీ టాస్క్ దూరి సీపీయూ పట్టుకుంది. కింది టాస్క్‌కు వంతు రాదు, అది మ్యూటెక్స్ వదలదు, పైది కదలదు. పని సమయానికి అవ్వలేదని సిస్టమ్ తనంతట తానే రీసెట్ అయ్యేది, అదీ మళ్లీ మళ్లీ. చివరికి భూమి నుంచి ఆ మ్యూటెక్స్‌కు ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ ఆన్ చేశారు, అంటే పైవాడు ఎదురుచూస్తున్నంతసేపూ పట్టుకున్నవాడికి పైవాడి ప్రయారిటీ అప్పుగా ఇవ్వడం. అప్పు ఇవ్వాలంటే ఎవరికివ్వాలో తెలియాలి కదా. మ్యూటెక్స్‌లో తెలుస్తుంది, ఉత్త సెమాఫోర్‌లో తెలియదు. పాత్‌ఫైండర్ నడిచిన వీఎక్స్‌వర్క్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో రెండిటినీ సెమాఫోర్ అనే పిలుస్తారు, కానీ సృష్టించే ఫంక్షన్లు వేరు, ఈ ఆప్షన్ మ్యూటెక్స్ రకానికే ఉంది. లినక్స్ కెర్నల్లో (ఓఎస్ అసలు గుండెకాయలో) కూడా చాలాకాలం సెమాఫోర్లనే తాళాలుగా వాడి, 2006లో 2.6.16 వెర్షన్‌తో మ్యూటెక్స్‌ను విడిగా తెచ్చుకున్నారు. రెండూ ఒకటే అయితే ఆ శ్రమంతా ఎందుకు పడతారు?

"వెయిట్ అంటే లూప్." సగం నిజమన్నది దీన్నే. పుస్తకాల్లో అర్థం కావడానికి ముందు ఒక వైల్ లూప్‌తో నిర్వచనం ఇస్తారు, పేజీ తిప్పితే క్యూతో అసలుది ఉంటుంది. నోట్సు రాసినాయన పేజీ తిప్పలేదు. లినక్స్‌లో అంకె సున్నా కంటే ఎక్కువ ఉంటే కెర్నల్ దాకా పోకుండానే పని అయిపోతుంది, సున్నా ఉంటే ప్రాసెస్‌ను నిద్రపుచ్చుతారు. నమ్మకపోతే 0తో సెమాఫోర్ పెట్టి వెయిట్ చేసే నాలుగు లైన్ల ప్రోగ్రాం నడిపి, పక్క టెర్మినల్లో టాప్ కమాండ్ కొట్టి చూడండి. సీపీయూ కాలమ్‌లో సున్నా కనిపిస్తుంది.

"జంటగా రాస్తే డెడ్‌లాక్ రాదు." ఐదు గదుల బఫర్ తీసుకుందాం, ప్రొడ్యూసర్ అందులో సరుకు పెడుతుంది, కన్స్యూమర్ తీసుకుంటుంది. ఖాళీ అనే సెమాఫోర్ 5తో, నిండు అనేది 0తో, బఫర్‌ను కాపాడే తలుపు అనేది 1తో మొదలవుతాయి. ప్రొడ్యూసర్ ముందు ఖాళీ మీద, తర్వాత తలుపు మీద వెయిట్ చెయ్యాలి. ఈ రెండు లైన్లను అటూ ఇటూ మార్చండి, జంటలన్నీ సరిగ్గానే ఉంటాయి. బఫర్ నిండిన క్షణాన ప్రొడ్యూసర్ తలుపు దాటి లోపలికొచ్చి ఖాళీ కోసం నిద్రపోతుంది. ఖాళీ చేయాల్సిన కన్స్యూమర్ తలుపు బయటే ఆగిపోతుంది. ఇక ఇద్దరూ లేవరు. ఇందులో దారుణమేంటంటే, కన్స్యూమర్ చురుగ్గా ఉన్నంతకాలం బఫర్ నిండదు కాబట్టి ఈ తప్పు బయటపడదు, టెస్టులన్నీ పాసవుతాయి, లోడ్ పెరిగిన రోజున ఆగిపోతుంది. సిగ్నల్స్ వరస మారితే మాత్రం ఏమీ కాదు. టెన్షన్ అంతా వెయిట్ల వరసతోనే.

"ప్రాసెస్ చచ్చిపోతే ఓఎస్ విడుదల చేస్తుంది." దీన్ని నమ్మి నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. పేరున్న సెమాఫోర్ 1తో తెరిచి, వెయిట్ చేసి, షేర్డ్ మెమరీలో ఏదో రాసే ప్రోగ్రాం అది. మధ్యలో కంట్రోల్ సీ కొట్టి ఆపేశాను. మళ్లీ నడిపితే మొదటి వెయిట్ దగ్గరే నిలబడిపోయింది. కోడ్ మార్చినా అంతే, మళ్లీ కంపైల్ చేసినా అంతే, మెషీన్ రీస్టార్ట్ చేస్తే మాత్రం శుభ్రంగా నడిచేది! జరిగిందేమిటంటే, చచ్చిన ప్రాసెస్ అంకెను 0 చేసి పోయింది, పేరున్న సెమాఫోర్ ప్రాసెస్‌తో పాటు పోదు, నేను మళ్లీ 1 అని రాసి తెరుస్తున్నా అప్పటికే ఉన్నదానికి ఆ 1 వర్తించదు. అలా అడ్డంగా చచ్చినా తట్టుకోవాలంటే సిస్టమ్ ఫైవ్ అనే పాత యూనిక్స్ రకం సెమాఫోర్లలో, చచ్చిన ప్రాసెస్ చేసిన మార్పును వెనక్కి తిప్పే అన్‌డూ ఫ్లాగ్ ఉంది, లేదా రోబస్ట్ మ్యూటెక్స్ వాడితే పట్టుకున్నవాడు పోయాడని తర్వాత వచ్చినవాడికి ఎర్రర్ కోడ్‌తో చెబుతుంది. చెప్పగలిగేది ఓనర్ ఎవరో దానికి తెలుసు కాబట్టే. నాకు ఇవేవీ తెలియని ఆ రాత్రి, తెల్లవారుజామున డెవ్ కింద ఎస్‌హెచ్‌ఎం ఫోల్డర్ తెరిచి చూస్తే, నా సెమాఫోర్ పేరుకు ముందు 'సెమ్' తగిలించుకుని చిన్న ఫైలు ఒకటి కూర్చుని ఉంది. దాన్ని డిలీట్ చేసి నడిపాను, మొదటిసారికే పనిచేసింది.