గోడ మీద రెయిన్‌డీర్లు

అమెరికాలో మతానికీ ప్రభుత్వానికీ మధ్య ఒక గోడ ఉంది, ప్రభుత్వం ఏ మతం పక్షానా నిలబడకూడదని. 1802 జనవరి 1న అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ డాన్‌బరీ ఊళ్లోని బాప్టిస్టు క్రైస్తవులకు రాసిన ఉత్తరంలో, మాటలతోనే దాన్ని కట్టాడు. రెండు రోజులకే ఆదివారం వచ్చింది. ఆయన తిన్నగా వెళ్లి ప్రతినిధుల సభ హాల్లో జరిగిన ప్రార్థనలో కూర్చున్నాడు. సున్నం ఇంకా ఆరకముందే కట్టినవాడే దూకాడన్నమాట. ఇక గోడ దూకడం శాసనసభ్యులకు వేరే నేర్పాలా?

గోడ కొలతలు మాత్రం సుప్రీంకోర్టు చూసుకుంటుంది. అవి నేను శ్రద్ధగా చదివాను. రోడ్ ఐలండ్‌లోని పాటకెట్ నగరపాలక సంస్థ ఏటా బాల యేసు పశువుల పాక బొమ్మలు పెట్టేది. పక్కనే క్రిస్మస్ తాత, బండి లాగే రెయిన్‌డీర్లు, ఒక జోకరు, ఒక ఏనుగు, ఒక టెడ్డీబేర్. 1984లో కోర్టు 5-4 ఓట్లతో పర్వాలేదంది. ఐదేళ్లకు పిట్స్‌బర్గ్ కోర్టు భవనం మెట్ల మీద అలాంటి పాకే ఒంటరిగా దొరికిపోయింది. ఏనుగు లేదు, జోకరు లేదు, చెల్లదన్నారు. అదే కేసులో, మరో ప్రభుత్వ భవనం ముందు పెట్టిన యూదుల 18 అడుగుల దీపస్తంభం చెల్లింది. దానికి 45 అడుగుల క్రిస్మస్ చెట్టు తోడుంది మరి. లాయర్లు దీనికి ‘రెయిన్‌డీర్ రూలు’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు.

2005 జూన్ 27 ఇంకా ముచ్చటైన రోజు. కెంటకీ కోర్టుల్లో ఫ్రేము కట్టి తగిలించిన బైబిలు పది ఆజ్ఞలు తప్పు. టెక్సాస్ శాసనసభ ఆవరణలో ఆరడుగుల రాతి మీది పది ఆజ్ఞలు ఒప్పు. రెండూ 5-4 తీర్పులే, మధ్యలో అటు నుంచి ఇటు మారింది జస్టిస్ బ్రేయర్ ఒక్కరే. ఆ రాయి 40 ఏళ్లుగా ఏ కేసూ లేకుండా నిలబడిందని ఆయన గుర్తు చేశారు. గుడిసె వేసుకుని ఎన్నాళ్లుగానో ఉంటున్నవాడికి పట్టా ఇచ్చినట్టు!

నాకు జాలేసేది దేవుడి మీద. ఓట్ల సభలో నాయకుడు ‘ఇది దైవవాక్కు’ అని గొంతు చించుకుంటాడు. కోర్టు గడప దాటగానే ఆయన తరఫు లాయరు ‘అబ్బే, మతమెక్కడిది యువరానర్, ఇదంతా చరిత్ర’ అంటాడు. డాలరు మీద దేవుణ్ని నమ్ముతామని రాసుకోవడం గురించి జస్టిస్ బ్రెనన్ 1984లోనే ఓ మాటన్నారు. వల్లించగా వల్లించగా ఇలాంటి వాటిలో మతం అరిగిపోయింది కాబట్టి బహుశా అభ్యంతరం ఉండదట. అంటే ఎవరూ నమ్మనంత కాలం దేవుడికి పర్మిషన్ ఉంది. దీన్ని గెలుపనుకుని చప్పట్లు కొట్టే భక్తులకు నా సానుభూతి.

కెంటకీ వాళ్లది మరీ తెలివి. ప్రతి తరగతి గదిలో పది ఆజ్ఞలు తగిలించి, అడుగున చిన్న అక్షరాలతో వాటి లౌకిక ప్రయోజనం గురించి ఓ వాక్యం వేయించారు. 1980లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 2024లో లూసియానా మళ్లీ అదే చట్టం చేసింది. ఈసారి పోస్టరు కనీసం 11 అంగుళాలు బై 14 అంగుళాలు ఉండాలి, అక్షరాలు పెద్దగా కనబడాలి. మళ్లీ కోర్టులు, మళ్లీ లాయర్లు. అంత స్థలం పెట్టుకుని, మూలన ఒక్క రెయిన్‌డీర్ బొమ్మ వేయించాలని ఎవరికీ తోచకపోవడమే నాకు అర్థం కావడం లేదు.