కిక్ రాడ్ బీరువాలో ఉంది

మా నాన్నగారి హీరో హోండా సీడీ 100 ఇంజన్ని సరిగ్గా తొలేళ్లకి, అంటే సిరిమాను పండగ ముందురోజుకి, వారం ముందు విప్పాను. విజయనగరంలో బుర్రున్నవాడెవడూ ఆ పని చెయ్యడు. పైడితల్లి అమ్మవారి పండగంటే ఇంటి నిండా చుట్టాలు, చుట్టాల్లో ఒక బావమరిది. ఇంజనూ బావమరిదీ ఒకే వసారాలో ఉండకూడదని పెద్దవాళ్లు ఎక్కడా చెప్పలేదు గానీ చెప్పాల్సింది.

ఈ మోడల్ 1985లో వచ్చింది, మాది 89ది. 97.2 సీసీ, పెట్రోలు వాసన చూపిస్తే చాలు బొబ్బిలి వెళ్లొచ్చేది. ఈమధ్య సైలెన్సర్లోంచి నీలం పొగ, హెడ్డు దగ్గర కటకట మొదలయ్యాయి. పిస్టన్ రింగులు మార్చాలి, టైమింగ్ చైనూ మార్చాలి అనుకుని ఇంజన్ పైమూత హెడ్డూ, పిస్టన్ ఆడే గొట్టం బోరూ పీకాను.

టైమింగ్ చైను సంగతి తెలియనివాళ్లకి ఒక్క ముక్క. పిస్టన్ తిప్పే ఇరుసు క్రాంకు రెండు చుట్లు తిరిగితే, పైన వాల్వుల్ని తెరిచే క్యామ్ ఒక్క చుట్టే తిరగాలి, లేకపోతే వాల్వులు వేళకి తెరుచుకోవు. ఆ లెక్క తప్పకుండా చూసేది వేలెడు వెడల్పు కూడా లేని ఈ చైను. బోరు తీసినప్పుడు ఇది లోపలికి జారిపోకుండా ఒక బైండింగ్ వైరు ముక్కతో కట్టి ఉంచాలి. ఇది నాకు తెలుసు. వైరు కూడా ఉంది, పెరట్లో బీరపాదుకి కట్టి ఉంది. దాన్ని విప్పడానికి బద్ధకించి, టీ తాగొచ్చి కడదాంలే అనుకున్నాను.

టీ సగంలో ఉండగా పలాస నుంచి జీడిపప్పు పొట్లంతో మా బావమరిది దిగాడు. లోపలికి రాలేదు. వసారాలో బండి కనబడితే ఎవడొస్తాడు? బోరు లేదు కాబట్టి కంప్రెషన్ లేదు, కిక్ రాడ్డు అడ్డం లేకుండా దిగింది, పిస్టన్ వాడికేసి గంగిరెద్దులా తలూపింది. అది వాడికి నచ్చింది. ఇంకోటి కొట్టాడు.

'కటక్' అంది.

"ఏటైంది బావా?"

ఏటైందంటే, చైను వదులై క్రాంకు పళ్ల మీంచి జారి, మడతపడి, పళ్లకీ కేసుకీ మధ్య ఇరుక్కుంది. క్రాంకు ఇటు తిరగదు, అటు తిరగదు. పిస్టన్ తలూపిన పొజిషన్లోనే ఆగిపోయింది. నేను చైను పట్టుకుని లాగాను. అది ముడిపడ్డ లంగా బొందులాగా లాగినకొద్దీ బిగుసుకుంది. ఇంకాస్త గట్టిగా లాగాను, ఎందుకంటే బొందు విషయంలో కూడా నేనంతే.

వాడి చేత పైడితల్లి మీద ఒట్టు వేయించాను, ఇక ఈ జన్మలో ఈ బండి ముట్టుకోనని. వేశాడు పాపం, భక్తిగా కళ్లు మూసుకుని మరీ.

పక్కింటి మాస్టారు గోడ మీంచి చూసి, "మా రాజ్‌దూత్‌కి అసలు వాల్వులే లేవయ్యా, చైన్తో పనేటి" అన్నారు. టూ స్ట్రోక్ కదా, నిజమే, కానీ ఆ నిజం నాకు ఆ సమయంలో అవసరం లేదు.

చివరికి మెకానిక్కి ఫోన్ చేశాను.

"ఎవరైనా కిక్ కొట్టారా బాబూ?"

"ఆ."

"బావమరిదా?"

"నీకెలా తెలుసు?"

"పండగ కదా. లాగకండి. అడుగున, చైనుని బిగువుగా ఉంచే టెన్షనర్ బోల్టు విప్పి స్ప్రింగు తీసేయండి. మాగ్నెట్ ఊడదీసి, క్రాంకుని చేత్తో వెనక్కి తిప్పండి, ముందుకి కాదు. సుత్తి పట్టుకున్నారో, మాగ్నెట్‌తో పాటు క్రాంకూ పోద్ది. మాగ్నెట్ లాగే పుల్లర్ నా దగ్గరుంది, వచ్చి పట్టుకెళ్లండి."

మూడు లాంతర్ల జంక్షన్ దాకా సైకిల్ తొక్కి పుల్లర్ తెచ్చాను. టెన్షనర్ బోల్టు విప్పగానే లోపల మిగిలిన ఆయిలంతా పొద్దున్నే మా ఆవిడ వేసిన ముగ్గులో పడింది. టెన్షనర్ బయటికొచ్చింది, టెన్షన్ నా దగ్గరికొచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు, అదే భయం.

మాగ్నెట్టూ, దాని వెనక కాయిల్ ప్లేటూ తీస్తే అప్పుడు కనబడింది, ఒక లింకు పన్ను కింద నొక్కుకుని ఉంది. పాత సైకిల్ చువ్వ వంచి కొక్కెం చేశాను. "టార్చి పట్టుకోవచ్చా బావా? అది బండి కాదు కదా" అన్నాడు మావాడు. పట్టుకున్నాడు, ఎక్కువసేపు నా కళ్లలోకే. క్రాంకుని వెనక్కి వెంట్రుకవాసి తిప్పడం, కొక్కెంతో చైను ఎత్తడం, మళ్లీ వెంట్రుకవాసి, ఇలా ముప్పావుగంట. 'టప్' మని వదిలింది. లింకు వంగింది, ఎలాగూ మార్చాల్సిన చైనే కాబట్టి బాధపడలేదు.

కొత్త చైను వేసిన క్షణంలో బీరపాదు వైరు తెచ్చి మూడు ముడులు వేశాను. అది చాలక కిక్ రాడ్డు విప్పి బీరువాలో పెట్టి తాళం వేశాను.

సోమవారం రాత్రి మాగ్నెట్ మీద ఇంగ్లీషు 'T' మార్కు, క్యామ్ పళ్లచక్రం మీద సున్నా మార్కు మూడుసార్లు సరిచూసి హెడ్డు బిగించాను. మంగళవారం మధ్యాహ్నానికి ఆయిల్ పోసి, ప్లగ్గు పెట్టి, నాన్నగారి ఫొటోకి దణ్ణం పెట్టుకుని కిక్ కొడదామని కాలెత్తితే, కాలు గాల్లోకి దిగింది. రాడ్డు బీరువాలో. తాళాలు మా ఆవిడ నడుముకి. మా ఆవిడ కోట దగ్గర జనంలో. కొసన పూజారి కూర్చున్న సిరిమాను మూడుసార్లు తిరిగేదాకా ఆవిడ రాదు, ఆ డప్పుల్లో ఫోనూ వినబడదు. సెల్ఫ్ స్టార్ట్ ఈ బండికి లేదు.

"తొయ్యరా, సెకండ్ గేర్లో పడుతుంది" అన్నాను.

మావాడు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఒట్టేశాను కదా బావా, అదీ పైడితల్లి మీద, అదీ ఇవాళ."

వీధి చివరిదాకా నేనే తోశాను. వాడు పక్కనే నడుస్తూ జీడిపప్పు తింటూ, "క్లచ్చి వదులు బావా, ఇప్పుడొదులు" అని చెబుతూనే ఉన్నాడు.