లీ నది లోయకు వెళ్లాలా, వద్దా?

దక్షిణ చైనాలోని గ్వాంగ్షీ ప్రాంతంలో, గుయిలిన్ నగరం నుంచి యాంగ్‌షువో దాకా 83 కిలోమీటర్ల మేర సున్నపురాయి కొండల నడుమ సాగే లీ నదిని చూడటానికి వెళ్లడం సమంజసమేనా అన్నది ఇక్కడి చర్చ. వాదించుకునేవారు ఒక భూగోళశాస్త్ర మాస్టారు, ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న ఒక యాత్రికురాలు.

యాత్రికురాలు: మాస్టారూ, 2025 అక్టోబరులో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు నేరు విమానాలు మళ్లీ మొదలయ్యాయి. అక్కడ హైస్పీడ్ రైలు ఎక్కితే మూడు గంటల లోపే యాంగ్‌షువో స్టేషన్లో దిగవచ్చు. మీరు నల్లబల్ల మీద గీసి చూపిన ఆ కొండలను కళ్లారా చూసి రావాలని ఉంది.

మాస్టారు: కొండల మీది ఆ కోరికను నేను తప్పుపట్టను. 35 కోట్ల ఏళ్లకు పైబడిన డెవోనియన్ యుగంలో సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి పైకి లేచాక, కార్బన్ డయాక్సైడును కలుపుకున్న వాననీరు దానిని లక్షల ఏళ్లపాటు కరిగించింది. మన బొర్రా, బెలూం గుహలను తొలిచిందీ ఆ చర్యే. అయితే అక్కడ చుట్టూ ఉన్న రాయి కరిగిపోగా మిగిలినది నిటారు కొండలుగా నిలిచింది. 2014లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నా అభ్యంతరం కొండల గురించి కాదమ్మా, నీటి గురించి. లీ నదికి వానలే ఆధారం. ఏప్రిల్ నుంచి జూలై దాకా పొంగే ఆ నది, శీతాకాలానికి గులకరాళ్లు తేలేంతగా తగ్గిపోతుంది. పెద్ద పడవలు నేలకు తగలకుండా ఉండాలంటే ఎగువ జలాశయాల నుంచి నీరు వదలాలి. వాటిలో చింగ్‌షీతాన్ జలాశయాన్ని 1958లో పొలాల కోసం కట్టడం మొదలుపెట్టారు. రైతుకని కట్టిన నీటిని పడవలకు మళ్లించే విహారంలో నువ్వూ ఒక టికెట్టు కొనడం నాకు నచ్చదు.

యాత్రికురాలు: ఆ నీరు పడవల కోసమే అనడం సగం నిజం. గుయిలిన్ నగరం తాగేది కూడా లీ నది నీరే కాబట్టి, ఎండాకాలపు మన చెరువులా నది అడుగంటితే ముందు నష్టపోయేది ఊరి జనం. పైగా నది ఈ మాత్రం శుభ్రంగా ఉండటానికి చూడవచ్చినవారే ఒక కారణం. 1973 అక్టోబరులో కెనడా ప్రధాని పియర్ ట్రూడో వెంట చైనా నేత డెంగ్ షియావోపింగ్ గుయిలిన్‌కు వచ్చేనాటికి ఫ్యాక్టరీల మురుగు నదిలో కలుస్తుండేది. ఆ తరువాతి ఏళ్లలో, విదేశీయులకు నగరాన్ని తెరుస్తూ, కలుషితం చేసే ఫ్యాక్టరీలను మూయించారు, తరలించారు. చూడటానికి ఎవరూ రాని నదికి ఆ మేలు అంత త్వరగా జరిగేది కాదు.

మాస్టారు: ఫ్యాక్టరీలు పోయాయి, బదులుగా ప్రదర్శన వచ్చింది. నది ఒడ్డున ఉన్న షింగ్‌పింగ్ ఊరి దగ్గర, చైనా 20 యువాన్ల నోటు వెనుక అచ్చయిన దృశ్యం ఎదుట, జనం ఆ నోటునే చేత పట్టుకుని ఫొటోలు తీసుకుంటారు. నీటికాకులతో చేపలు పట్టడం చూడు. పెద్ద చేపను మింగకుండా పక్షి మెడకు తాడు కట్టి, రాత్రి లాంతరు వెలుగులో నీటిలోకి వదలడం తరాల నాటి జీవనోపాధి. ఇప్పుడు తెప్ప మీది ముసలాయన సంపాదన చాలావరకు కెమెరాల నుంచే వస్తోంది. బతుకుతెరువు వేషంగా మారిన చోటికి వెళ్లి నువ్వు తెలుసుకునేదేమిటి?

యాత్రికురాలు: ఆయన ముందు నిలబడి ఫొటో తీయడానికి నేను వెళ్లడం లేదు. కానీ ఆయనను తప్పుపట్టడం కూడా అన్యాయం. లీ నది కూడా భాగమైన పెర్ల్ నదీ పరీవాహకమంతటా ఏటా మార్చి 1 నుంచి జూన్ 30 దాకా చేపల వేట నిషేధం; ఆ నాలుగు నెలలూ ఆయన ఇల్లు గడవాలి కదా. లోయ అంటే షింగ్‌పింగ్ రేవు ఒక్కటే కాదు, మాస్టారూ. లీ నదిలో కలిసే యూలుంగ్ నది మీద వెదురు తెప్పలు గెడ వేసుకుంటూ సాగుతాయి. వరిచేలకు నీరెక్కించడానికి కట్టిన చిన్న అడ్డుకట్టల మీదుగా తెప్ప జారేటప్పుడు, ముందు కొస నీటిలో మునిగి, కూర్చున్నవారు కాళ్లు పైకెత్తుకోవాల్సి వస్తుంది. అక్కడ విహారం సాగుతున్నది సాగు కోసం కట్టిన కట్టల మీదే. రెంటికీ వైరం ఉందని ముందే తేల్చేయడం ఎందుకు? 1412లో కట్టిన ఒంటి కమాను రాతివంతెన ఇప్పటికీ ఆ నది మీదే ఉంది.

మాస్టారు: యూలుంగ్ గురించి నువ్వు చెప్పినది ఒప్పుకుంటాను. యాంగ్‌ది, షింగ్‌పింగ్ మధ్య లీ నది మీద తిరిగేవి మాత్రం వెదురు పేరుతో చెలామణి అయ్యే ప్లాస్టిక్ గొట్టాల తెప్పలు, వాటికి మోటార్లు. ఆ చప్పుడులో కొండల మధ్య నిశ్శబ్దం ఎక్కడిది? అందుచేత రెండు షరతులు పెడుతున్నాను. మోటారు తెప్ప ఎక్కకూడదు, నీరు తక్కువగా ఉండే శీతాకాలంలో వెళ్లకూడదు.

యాత్రికురాలు: మొదటి షరతుకు ఒప్పుకుంటాను, రెండోది కుదరదు. వానల నెలల్లో వరద వస్తే పడవలన్నీ ఆపేస్తారు, ఒడ్డున దారులు మునుగుతాయి. పైగా యాంగ్‌షువో జిల్లాలో ఎన్నో పొలాలు ఇప్పుడు కుంక్వాట్ తోటలు. గోలీలంత నారింజరంగు పళ్లు, తొక్కతో సహా తినేవి. చలికాలంలో మంచు, వాన తగిలి పళ్లు చెడకుండా తోట తోటనంతా ప్లాస్టిక్ పట్టాలతో కప్పేస్తారు. ఫొటోలకు పనికిరాని ఆ తెల్లని పట్టాల కిందే అక్కడి రైతు ఏడాది సంపాదన ఉంటుంది. నేను చూడాలనుకునే లోయ అది. యాంగ్‌ది నుంచి షింగ్‌పింగ్ దాకా ఒడ్డు వెంబడే నడిచి, దారి ఆగిన చోట ఊరివాళ్ల రేవు పడవలో అవతలి గట్టుకు దాటితే, నా కోసం ఏ జలాశయం నుంచీ నీరు వదలనక్కరలేదు.

మాస్టారు: నడిచే వెళ్తానంటే డిసెంబరుకు నాకు అభ్యంతరం లేదు. రేవు దాటేటప్పుడు నీటిమట్టం ఎంత ఉందో రాసుకుని రా, జూలై లెక్కలతో పోల్చి చూద్దాం.