తూకం రోజు: అక్కాతమ్ముళ్ల వాదం

(న్యూజెర్సీలో తమ్ముడి ఇల్లు. పదహారేళ్ల కూతురు హైస్కూల్ క్రాస్ కంట్రీ టీమ్‌లో 5 కిలోమీటర్లు పరిగెత్తుతుంది. కాలి ఎముకకు స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే ఒత్తిడి పడి వచ్చే సన్నని పగులు, అయింది. అక్క డాక్టరు.)

తమ్ముడు: ఆరు వారాలు రెస్ట్ అన్నారు, తీసుకుంటుంది. టీమ్ మాన్పించమంటే మాత్రం నావల్ల కాదక్కా. కోచ్ గట్టిగా ఉంటేనే పిల్లలు పైకొస్తారు. మన డ్రిల్లు మాస్టారు కొట్టలేదా మనల్ని?

అక్క: మాన్పించమని నేనెప్పుడన్నాను? పరుగంటే దానికి ప్రాణం. నెలసరి వచ్చి ఎన్నాళ్లయిందో నీకు తెలుసా?

తమ్ముడు: అది వాళ్లమ్మను అడుగు. అంత పరిగెత్తే పిల్లలకు ఆగడం మామూలేనట, కోచే అన్నాడు.

అక్క: ఏడు నెలలైంది. పెద్దమనిషైందని హాలు తీసుకుని మూడొందల మందికి భోజనాలు పెట్టావు. అదే ఆగిపోతే మామూలంటావేంట్రా? తిన్నది పరుగుకే చాలకపోతే ఒంట్లో అన్నీ మందగిస్తాయి, నెలసరితో సహా. 2014లో ఒలింపిక్ కమిటీ దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ పడిపోతే ఎముక పలచబడుతుంది. ఆడపిల్ల ఎముక బలం దాదాపు 90 శాతం పద్దెనిమిదేళ్లలోపే కూడుతుంది. దానికిప్పుడు కూడాల్సిన వయసులో పోతోంది.

తమ్ముడు: బరువు తగ్గితే టైమ్ తగ్గుతుందన్నది అబద్ధమా? నిరుటికంటే నలభై సెకన్లు వెనకబడింది. రెండు కిలోలు తగ్గమన్నాడు, అంతేగా.

అక్క: అబద్ధం కాదు. కొన్ని నెలలు తగ్గుతుంది కూడా, అందుకే అందరూ నమ్ముతారు. ఈ వయసులో ఆడపిల్లకు తుంటి వెడల్పవుతుంది, ఒళ్లు మారుతుంది. ఏడాదో రెండేళ్లో టైమ్ కదలకపోవచ్చు. ఓపిక పడితే చాలామంది మళ్లీ అందుకుంటారు. అమెరికా రన్నర్ మేరీ కెయిన్ 2013లో పదిహేడేళ్లకే మాస్కో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 1500 మీటర్ల ఫైనల్ పరిగెత్తింది. నైకీ కంపెనీ రన్నర్ల టీమ్ ఒరెగాన్ ప్రాజెక్ట్ కోచ్ ఆల్బెర్టో సలజార్ తనను 114 పౌన్లకు, అంటే 52 కిలోలకు దిగమన్నాడనీ, తోటివాళ్ల ముందు తూచాడనీ 2019లో న్యూయార్క్ టైమ్స్ వీడియోలో చెప్పింది. మూడేళ్లు నెలసరి లేదు, ఐదు ఎముకలు విరిగాయి, చచ్చిపోవాలనిపించింది అంది. 1500లో ఆమె బెస్ట్ టైమ్ ఆ పదిహేడేళ్లప్పటి 4:04.62 దగ్గరే ఆగిపోయింది.

తమ్ముడు: ఆ కోచ్ ఆ మాటలు ఒప్పుకోలేదు కదా.

అక్క: ఒప్పుకోలేదు. ఆమె వేసిన కోర్టు కేసు 2023లో రాజీ అయింది. మన పిల్ల కోచ్ చెడ్డవాడని కూడా నేననను. కానీ ఆయన సీజన్ నవంబర్‌తో అయిపోతుంది. ఇది ఆ కాళ్లతోనే జీవితమంతా నడవాలి.

తమ్ముడు: నేను బలవంతం చేయలేదక్కా. అదే తనంతట తను రాత్రిపూట అన్నం మానేసి కీరా ముక్కలు తింటుంది. రేపు తూకం నాన్నా అంటుంది. (కాసేపు ఆగి) భలే పట్టుదల అని మెచ్చుకున్నాను.

అక్క: తూకం వద్దని కోచ్‌కి మెయిల్ రాయి. స్పోర్ట్స్ డాక్టర్‌కి చూపిద్దాం. హార్మోన్లు చూసి, ఎముకల బలం తెలిసే డెక్సా స్కాన్ తీస్తారు. వాళ్లు సరేననేదాకా రేసులొద్దు.

తమ్ముడు: సీజన్ పోతుంది. స్కాలర్‌షిప్ కూడా పోవచ్చు. అది ఏడుస్తుంది.

అక్క: ఏడుస్తుంది. పక్కన నువ్వుండు.

తమ్ముడు: ఆ స్కాన్ నొప్పిగా ఉంటుందా?

అక్క: ఉండదురా. కదలకుండా పడుకుంటే చాలు.